ఊరికి వెళ్లే ముందు: పల్లెలో వైద్యం ఏ మెట్టు మీద దొరుకుతుంది?



దసరా సెలవులు దగ్గరపడ్డాయి. మన పిల్లల్లో చాలామంది అమ్మమ్మగారి ఊరికో, నాయనమ్మగారి ఊరికో బయలుదేరుతారు. పొలం గట్లు, చెరువు, గడ్డివాము, ఆరుబయట పడక... ఇవేవీ తరగతి గదిలో దొరికేవి కావు. తప్పకుండా పంపండి. అయితే సంచి సర్దేటప్పుడు జ్వరం మందు, దోమల క్రీమ్ గుర్తుపెట్టుకునే మనం ఒక ప్రశ్న మాత్రం వేసుకోం. అక్కడ అర్ధరాత్రి ఏదైనా జరిగితే బిడ్డను ఎక్కడికి తీసుకెళ్లాలి?

నగరంలో ఈ ప్రశ్నకు జవాబు మనకు ముందే తెలుసు. ఇన్సూరెన్స్ కార్డు పర్సులో ఉంటుంది, ఆసుపత్రి పావుగంట దూరంలో ఉంటుంది. ఊళ్లో వైద్యం మెట్లు మెట్లుగా ఉంటుంది. ఏ మెట్టు మీద ఏం దొరుకుతుందో తెలియక, కంగారులో కారెక్కించి నేరుగా వంద కిలోమీటర్ల దూరంలోని కార్పొరేట్ ఆసుపత్రికి బయలుదేరతాం. కొన్ని సందర్భాల్లో ఆ ప్రయాణమే ప్రాణం మీదికి తెస్తుంది. ఎందుకంటే అప్పటికప్పుడు కావాల్సిన మందు దారిలోనే, మండల కేంద్రంలోని ప్రభుత్వ ఆసుపత్రిలో ఉంటుంది. మనం దాన్ని దాటుకుని వెళ్లిపోతాం.

ఈ నెల వ్యాసంలో ఆ మెట్ల గురించి, వాటిని ఎప్పుడు ఎలా వాడుకోవాలో తెలుసుకుందాం.

ఆశా కార్యకర్త నుంచి జిల్లా ఆసుపత్రి దాకా

పల్లె ప్రజలకు నడక దూరంలో వైద్యం ఉండాలన్న ఆలోచనకు మన దేశంలో స్పష్టమైన రూపం ఇచ్చింది భోర్ కమిటీ. 1946లో ఇచ్చిన నివేదికలో ఈ కమిటీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను ప్రతిపాదించింది. 1952 నుంచి అవి ఒక్కొక్కటిగా ఏర్పడుతూ వచ్చాయి. ఇప్పుడున్న ఏర్పాటు ఇదీ.

మొదటి మెట్టు, ఆశా కార్యకర్త. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో పాటు వచ్చిన ఏర్పాటు ఇది. సుమారు వెయ్యి మంది జనాభాకు ఒకరు ఉంటారు. ఆమె ఆ ఊరి మనిషే. ఎవరింట్లో గర్భిణి ఉన్నారో, ఏ తాతగారు షుగర్ మాత్రలు వేసుకుంటున్నారో, ఏ ఆసుపత్రిలో రాత్రిపూట డాక్టరు ఉంటారో ఆమెకు తెలుసు.

రెండో మెట్టు, ఉపకేంద్రం. మైదాన ప్రాంతంలో 5,000 మందికి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 3,000 మందికి ఒకటి ఉండాలన్నది నియమం. ఇక్కడ ఏఎన్‌ఎం ఉంటారు. టీకాలు, బీపీ, షుగర్ పరీక్షలు, చిన్న చిన్న జబ్బులకు మందులు ఇక్కడ దొరుకుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో విలేజ్ హెల్త్ క్లినిక్ అనీ, తెలంగాణలో పల్లె దవాఖానా అనీ మీరు విన్నవి ఈ మెట్టుకు చెందినవే.

మూడో మెట్టు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. అందరూ పీహెచ్‌సీ అంటారు. మైదానంలో 30,000 మందికి, కొండ ప్రాంతాల్లో 20,000 మందికి ఒకటి. ఎంబీబీఎస్ డాక్టరు, నర్సులు, చిన్న ల్యాబ్, ఆరు వరకు పడకలు ఉంటాయి. కొన్ని పీహెచ్‌సీలు ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తాయి, కొన్ని పగలు మాత్రమే.

నాలుగో మెట్టు, సామాజిక ఆరోగ్య కేంద్రం, అంటే సీహెచ్‌సీ. మైదానంలో 1,20,000 మందికి, కొండ ప్రాంతాల్లో 80,000 మందికి ఒకటి. 30 పడకలు, ఎక్స్‌రే, ఆపరేషన్ థియేటర్ ఉంటాయి. పిల్లల డాక్టరు, సర్జన్, జనరల్ మెడిసిన్ డాక్టరు, స్త్రీల వైద్య నిపుణురాలు ఉండాలి. దీనికి కాస్త పైన ఏరియా ఆసుపత్రి ఉంటుంది.

ఐదో మెట్టు, జిల్లా ఆసుపత్రి లేదా ప్రభుత్వ మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న పెద్దాసుపత్రి. వెంటిలేటర్, డయాలసిస్, సీటీ స్కాన్ లాంటివి కావాలంటే ఇక్కడికి రావాల్సిందే.

కాగితం మీద ఉన్నదంతా ఊళ్లో ఉండదు

పైన చెప్పినవన్నీ నియమాలు. నేల మీద లోటు చాలా ఉంది. కేంద్ర ఆరోగ్య శాఖ 2021-22 గ్రామీణ ఆరోగ్య గణాంకాల ప్రకారం, దేశంలోని గ్రామీణ సీహెచ్‌సీలకు కావాల్సిన స్పెషలిస్టు డాక్టర్లలో సుమారు ఐదింట నాలుగు వంతుల మంది కొరత ఉంది. పిల్లల డాక్టర్ల విషయంలోనూ అంతే. బోర్డు మీద పిల్లల వైద్య నిపుణుడు అని రాసి ఉన్నంత మాత్రాన లోపల ఆయన ఉంటారని అనుకోలేం.

కొండ ప్రాంతాల్లో దూరమే పెద్ద అడ్డంకి. అరకు, పాడేరు వైపు విహారానికి వెళ్లిన కుటుంబాలకు ఆ ఘాట్ రోడ్లు తెలుసు. రోడ్డు నుంచి లోపలికి ఉన్న కొన్ని గూడేల నుంచి జబ్బుపడిన వాళ్లను ఇప్పటికీ డోలీ కట్టి మోసుకొస్తారు. పెద్ద అంబులెన్స్ వెళ్లలేని చోట్ల కోసం మోటారు సైకిల్‌కు పడక అమర్చిన ఫీడర్ అంబులెన్సులు వచ్చాయి. కొండ ప్రాంతాల్లో తక్కువ జనాభాకే ఒక ఆసుపత్రి ఉండాలని నియమం పెట్టడానికి కారణం కూడా ఈ దూరమే.

కాబట్టి మీరు వెళ్లే ఊరికి సంబంధించిన మెట్లు అసలు ఎలా ఉన్నాయో ముందే కనుక్కోవాలి. ఎందుకు ముందే అన్నది పాముకాటు ఉదాహరణతో చూద్దాం.

పాము కాటు: దగ్గరి మెట్టే కాపాడుతుంది

2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాము కాటు వల్ల సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక విస్తృత అధ్యయనం అంచనా వేసింది. ఏడాదికి సగటున 58,000 మంది. ఈ మరణాల్లో నాలుగో వంతుకు పైగా 15 ఏళ్ల లోపు పిల్లలవే. సుమారు సగం జూన్ నుంచి సెప్టెంబరు మధ్యలో, వానల కాలంలో జరిగినవే. ఎక్కువ మరణాలు ఎనిమిది రాష్ట్రాల్లోనే జరిగాయి. తెలంగాణతో కలిపి లెక్కించిన ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి.

మన దగ్గర ఎక్కువ ప్రాణాలు తీసేవి నాలుగు రకాలు: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుక పింజరి. ఈ నాలుగింటి విషానికీ కలిపి ఒకే విరుగుడు మందు ఉంది. పాము విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తంలో తయారయ్యే ప్రతిరక్షకాల నుంచి ఈ మందు చేస్తారు. ఇందుకు కావాల్సిన విషాన్ని ప్రధానంగా సేకరించేది చెన్నై దగ్గరి ఇరుళ గిరిజనుల సహకార సంఘం. మీ పిల్లలకు చెప్పదగిన సంగతి ఇది. మందు నాలుగింటికీ పనిచేస్తుంది కాబట్టి పామును వెతికి చంపి తీసుకురావాల్సిన పని లేదు. వెతికే ప్రయత్నంలో ఇంకొకరు కాటుకు గురవుతారు, సమయమూ పోతుంది.

ఈ మందును మొదలుపెట్టడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. రక్తపింజరి లాంటి వాటి విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. అది తెలుసుకోవడానికి శుభ్రమైన పొడి గాజు గొట్టంలో కాస్త రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. తర్వాత వంచి చూస్తారు. గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్టే. పీహెచ్‌సీలో చేయగలిగిన పరీక్ష ఇది. ఒక్క పరీక్షతో వదిలేయరు. మళ్లీ మళ్లీ చేస్తూ కొన్ని గంటలు గమనిస్తారు. విషం లక్షణాలు కనిపిస్తే సాధారణంగా ఎనిమిది నుంచి పది సీసాల మందును సెలైన్‌లో కలిపి ఎక్కిస్తారు.

ఇక్కడ తల్లిదండ్రులు తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. మిగతా మందుల్లాగా ఇది పిల్లల బరువును బట్టి తగ్గించి ఇచ్చేది కాదు. పాము పెద్దవాళ్లకు ఎంత విషం ఎక్కిస్తుందో పిల్లలకూ అంతే ఎక్కిస్తుంది. అందుకే పిల్లలకూ పెద్దల మోతాదే ఇస్తారు. చిన్న ఒంట్లో అంత విషం కాబట్టి పిల్లల విషయంలో ఆలస్యం ఇంకా ప్రమాదకరం.

మొదటి మోతాదు పడ్డాక తర్వాతి మెట్టు అవసరం రావచ్చు. నాగుపాము, కట్లపాము విషం నరాల మీద పనిచేసి ఊపిరి ఆడకుండా చేస్తే వెంటిలేటర్ కావాలి. రక్తపింజరి విషం మూత్రపిండాలను దెబ్బతీస్తే డయాలసిస్ కావాలి. అప్పుడు జిల్లా ఆసుపత్రికి పంపిస్తారు. దగ్గర్లో మందు మొదలుపెట్టి, తర్వాత పెద్దాసుపత్రికి వెళ్లడం ఒక పద్ధతి. మందు లేకుండా రెండు మూడు గంటలు ప్రయాణించడం వేరే సంగతి. ఆ తేడా మీదే చాలాసార్లు ప్రాణం నిలబడుతుంది.

కాటు పడిన వెంటనే చేయాల్సినవి కొన్నే:

- బిడ్డను పడుకోబెట్టి ధైర్యం చెప్పండి. నడిపించకండి, పరుగెత్తించకండి.
- కాటు పడిన కాలు లేదా చెయ్యి కదలకుండా, విరిగిన ఎముకకు కట్టినట్టు, చెక్క ఆసరాతో వదులుగా కట్టండి.
- ఉంగరం, గాజులు, పట్టీలు, మొలతాడు తీసేయండి. వాపు వస్తే అవి బిగుసుకుంటాయి.
- తాడుతో గట్టిగా బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, పసరు పూయడం, మంత్రం వేయించడం వద్దు.
- 108కి ఫోన్ చేయండి, లేదా దొరికిన వాహనంలో మందు ఉన్న దగ్గరి ఆసుపత్రికి వెళ్లండి.

కట్లపాము గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అది రాత్రిపూట తిరుగుతుంది. నేల మీద పడుకున్న వాళ్లను నిద్రలోనే కాటేస్తుంది. నొప్పి దాదాపు ఉండదు, గాటు కూడా సరిగా కనిపించదు. తెల్లవారుజామున బిడ్డ కడుపునొప్పి అంటూ లేచి, కనురెప్పలు వాలిపోతూ, మాట ముద్దగా వస్తుంటే, మింగలేకపోతుంటే, తిన్నది పడలేదని సరిపెట్టుకోకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. అసలు రాకుండా చూసుకోవడం సులువు: మంచం మీద పడుకోవడం, దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకోవడం, రాత్రి బయటికి వెళ్లేటప్పుడు చెప్పులు, టార్చిలైటు.

పాము కాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. మందు పీహెచ్‌సీ దాకా చేరడం, బాధితులు అక్కడికి వేళకు చేరడం, ఈ రెండూ జరిగితేనే అది నెరవేరుతుంది.

కుక్క కాటు: రెండు మెట్లు అవసరం కావచ్చు

ఊళ్లో కుక్కలతో, పిల్లులతో పిల్లలు ఆడతారు. చిన్న గీత పడితే తిడతారేమోనని దాచేస్తారు. అందుకే వెళ్లే ముందే చెప్పండి: కుక్క కరిచినా, గీరినా, పుండు మీద నాకినా వెంటనే చెప్పాలి, ఎవరూ తిట్టరు అని. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక బతికించడం దాదాపు అసాధ్యం. లక్షణాలు రాకముందు సరిగా టీకా వేయిస్తే దాదాపు పూర్తిగా ఆపవచ్చు.

మొదటి వైద్యం పంపు దగ్గరే ఉంది. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడగాలి. కారం, పసుపు, సున్నం పూయకూడదు. తర్వాత అదే రోజు పీహెచ్‌సీకి వెళ్లాలి. టీకాలు అక్కడ ఉచితం. చర్మంలోకి వేసే పద్ధతిలో అయితే మొదటి రోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు వేస్తారు. ఈలోగా సెలవులు అయిపోతాయి కాబట్టి చీటీ జాగ్రత్తగా తెచ్చుకుని మిగతా మోతాదులు ఇక్కడ వేయించాలి. మధ్యలో మానేయకూడదు.

చర్మం తెగి రక్తం వచ్చిన గాయానికి టీకాతో పాటు ఇమ్యూనోగ్లోబ్యులిన్ అనే మందును గాయం చుట్టూ ఇవ్వాలి. టీకా పనిచేయడానికి కొన్ని రోజులు పడుతుంది. అప్పటిదాకా కాపాడేది ఈ మందే. ఇది ప్రతి పీహెచ్‌సీలో ఉండదు. ఏరియా ఆసుపత్రికో, జిల్లా ఆసుపత్రికో వెళ్లాల్సి రావచ్చు. టీకా వేశారు కదా అని ఇంటికి వచ్చేయకుండా, "ఈ గాయానికి ఇంకో మందు అవసరమా?" అని డాక్టరును అడగండి.

మెట్టు దాటి వెళ్లాల్సిన సందర్భం

దగ్గరి మెట్టు ఎప్పుడూ సరైన మెట్టు కాదు. ఊళ్లో ఉన్న పెద్దవాళ్ల విషయంలో ఇది గుర్తుంచుకోవాలి. తాతయ్యకు మూతి ఒక పక్కకు వంకర తిరిగినా, చెయ్యి లేపలేకపోయినా, మాట తడబడినా అది పక్షవాతం కావచ్చు. మెదడులో రక్తం గడ్డకట్టడం వల్ల వచ్చిన పక్షవాతమైతే, ఆ గడ్డను కరిగించే మందును లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. ఇచ్చే ముందు సీటీ స్కాన్ తప్పనిసరి. అది పీహెచ్‌సీలో ఉండదు. కాబట్టి 108కి ఫోన్ చేసి, స్కాన్ సౌకర్యం ఉన్న ఆసుపత్రికే నేరుగా వెళ్లాలి. లక్షణాలు ఎన్ని గంటలకు మొదలయ్యాయో కాగితం మీద రాసుకోండి. డాక్టరు అడిగే మొదటి ప్రశ్న అదే.

ఊళ్లో అందరికీ అందుబాటులో ఉండేది ఆర్‌ఎంపీ. అర్ధరాత్రి తలుపు కొడితే పలికే మనిషి కాబట్టి పెద్దవాళ్లకు ఆయన మీద నమ్మకం. ఆ నమ్మకాన్ని తక్కువ చేయనక్కర్లేదు. కానీ పాము కాటు, పక్షవాతం, ఛాతీ నొప్పి, పిల్లల్లో ఫిట్స్ లాంటివి వచ్చినప్పుడు ఇంజెక్షన్ కోసం అక్కడ ఆగకూడదు. ఈ మాట మీ అమ్మానాన్నలతో ఇప్పుడే, తీరిగ్గా ఉన్నప్పుడే మాట్లాడండి.

108, 104, కార్డులు

108 అంబులెన్స్ సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది. ఫోన్ చేసినప్పుడు ఊరు, మండలం, దగ్గరి గుర్తు చెప్పండి. ఒకే పేరుతో రెండు మూడు ఊళ్లు ఉంటాయి కాబట్టి మండలం పేరు ముఖ్యం. వాహనం దూరంలో ఉందంటే, మీ బండిలో ఎదురెళ్లి దారిలో కలవవచ్చా అని అడగండి.

ఆంధ్రప్రదేశ్‌లో 104 వాహనం ఊరూరా తిరిగి బీపీ, షుగర్ మాత్రలు ఇస్తుంది. దానితో పాటు పీహెచ్‌సీ డాక్టరు నిర్ణీత రోజుల్లో గ్రామానికి వచ్చే ఏర్పాటు 2023 ఏప్రిల్‌లో మొదలైంది. మీ పెద్దవాళ్లు మాత్రలు క్రమంగా తీసుకుంటున్నారో లేదో ఈసారి వెళ్లినప్పుడు డబ్బా తెరిచి చూడండి.

ఇంకొక సంగతి. 70 ఏళ్లు నిండిన వారికి, ఆదాయంతో సంబంధం లేకుండా, ఆయుష్మాన్ భారత్ పథకం కింద ఏడాదికి కుటుంబానికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి ఖర్చు భరించే ఏర్పాటు 2024 అక్టోబరులో వచ్చింది. ఆధార్‌తో నమోదు చేసుకోవచ్చు. మన ఆఫీసు ఇన్సూరెన్స్‌లో తల్లిదండ్రుల పేర్లు లేని వారికి ఇది చాలా ఉపయోగం.

పిల్లలతో చేయించండి: మా ఊరి ఆరోగ్య పటం

ఊరికి వెళ్లిన మొదటి రోజే మీ అబ్బాయి లేదా అమ్మాయి చేత, అమ్మమ్మ తాతయ్యల సాయంతో ఒక తెల్లకాగితం మీద ఇవి రాయించండి. పెద్ద అక్షరాలతో రాసి తలుపు వెనక అతికించండి.

- ఆశా కార్యకర్త పేరు, ఫోన్ నంబరు.
- మన పీహెచ్‌సీ ఎక్కడ? ఎన్ని కిలోమీటర్లు? రాత్రి డాక్టరు ఉంటారా?
- పాము కాటు మందు, కుక్క కాటు టీకా అక్కడ ఉన్నాయా? లేకపోతే దగ్గర్లో ఎక్కడ ఉన్నాయి?
- సీటీ స్కాన్, వెంటిలేటర్ ఉన్న దగ్గరి ఆసుపత్రి ఏది? కారులో ఎంతసేపు?
- రాత్రిపూట పిలిస్తే వచ్చే కారు లేదా ఆటో ఎవరిది?
- ఇంట్లో ప్రతి ఒక్కరి మందులు, పడని మందులు, బ్లడ్ గ్రూపు.

వీలైతే పిల్లలను వెంటబెట్టుకుని ఒకసారి ఆ పీహెచ్‌సీకి వెళ్లి రండి. మందు ఉందా అని అక్కడి సిబ్బందిని మర్యాదగా అడగండి. లేదంటే ఆ సంగతి సర్పంచ్ గారికి చెప్పండి, జిల్లా వైద్యాధికారికి ఒక అర్జీ రాయించండి. మన పిల్లలు ఆ ఊళ్లో ఉండేది పది రోజులే. మిగతా రోజులన్నీ అదే ఆసుపత్రి మీద ఆధారపడేది అక్కడి పిల్లలు, మన అమ్మానాన్నలు. అడిగేవాళ్లు ఉన్న చోట మందుల అల్మారా ఖాళీగా ఉండే అవకాశం తక్కువ.

సెలవుల తర్వాత పిల్లలు తమ ఆరోగ్య పటాన్ని తరగతికి తెస్తే, ఏ ఊళ్లో ఏ మెట్టు ఎంత దూరంలో ఉందో అందరూ కలిసి పోల్చి చూసుకోవచ్చు. సాంఘిక శాస్త్రంలో చదివే పాఠం వాళ్లకు సొంత ఊరి లెక్కల్లో కనిపిస్తుంది.

మీకు, మీ కుటుంబానికి దసరా శుభాకాంక్షలు. క్షేమంగా వెళ్లి రండి.